మడత విప్పిన గాజు మేఘం

వైదూర్యపురం కోట వాకిట పొద్దు ఇంకా లేతగా ఉండగానే ఒక గాజులవాడు వచ్చి నిలబడ్డాడు. నెత్తి మీద పెద్ద వెదురుబుట్ట, నుదుట అడ్డంగా విభూతి, మూతిని కప్పుతూ చుట్టుకున్న కండువా.

"గాజులమ్మా గాజులు! చిలకపచ్చ గాజులు, చుక్కల గాజులు, చేతికి వేసుకుంటే శుభం పలికే గాజులు!"

ద్వారపాలకుడు ఈటెకు గడ్డం ఆనించి ఆవలించాడు.

"ఒరేయ్, గొంతు ఎందుకు అరగదీసుకుంటావు? మా రాకుమారి ముందు ఒక మొనగాడు ఏనుగును తాడు మీద నడిపించాడు. 'సరే' అంది. నీ గాజులు చూసి ఏమంటుందనుకున్నావు?"

"'సరే' అంటే చాలు కదయ్యా! బేరం కుదిరినట్టే!"

కాపలావాడికి నవ్వు ఆగలేదు. ఆ కోటలో నవ్వే సందర్భం వచ్చి ఎన్నాళ్ళయిందో ఏమో, నవ్వుతూ నవ్వుతూనే తలుపు తీసేశాడు.

నిజానికి ఆ వచ్చినవాడు గాజులవాడు కాడు. కొలిమివాడ నుంచి వచ్చిన అభ్రకుడు. కొలిమివాడలో ఇంటింటా ఒక కొలిమి ఉంటుంది. ఇసుకనూ చౌడునూ కరిగించి, ఊదుడుగొట్టంతో ఊది, గాజుకు రూపం పోయడమే అక్కడివాళ్ళ బతుకు. కొలిమమ్మ తల్లికి దండం పెట్టనిదే ఎవరూ గొట్టం నోట పెట్టరు. ఆ వాడలో అభ్రకుడి అన్న దర్పణుణ్ణి మించిన పనివాడు లేడు. తల్లీ తండ్రీ పోతే, చంటివాడైన తమ్ముణ్ణి వీపున కట్టుకుని కొలిమి ముందు నిలబడి పెంచినవాడు. ఆ దర్పణుణ్ణి రాజుగారి కోటలో ఏదో పని ఉందని పిలిపించారు. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. జడభేరుండుడనే మాంత్రికుడు అతణ్ణి గాజుబొమ్మను చేసి కొలువులో నిలబెట్టాడని పూలమ్ముకునే ఒకావిడ వచ్చి చెప్పింది.

అప్పటి నుంచి అభ్రకుడి మనసును ఒకే ప్రశ్న తొలుస్తోంది. గాజైపోయిన అన్నలో అన్న ఇంకా ఉన్నాడా? ఉంటే ఎలాగైనా విడిపించుకోవాలి. లేకపోతే? ఆ మాట దగ్గరికి రాగానే అతడి మనసు వెనక్కి తిరిగిపోయేది.

అంతఃపురం దారిలో సంపెంగ దాది ఎదురొచ్చింది. రాకుమారి కువలయను ఎత్తుకుని పెంచిన ముసలమ్మ ఆమె.

"గాజులు తొడిగేటప్పుడు మెత్తగా తొడుగు నాయనా," అంది నడుస్తూనే. "చెయ్యి ఒరుసుకుపోయినా అమ్మాయి 'అబ్బా' అనదు. అదే నా భయం."

"అలా ఎందుకయింది తల్లీ?"

"ఏం చెప్పను! మహారాణి పోయినప్పుడు పిల్ల ఏడుపు ఆపలేదు. మణికేతు మహారాజు చూడలేకపోయారు. ఏ తండ్రి చూడగలడులే! జడభేరుండుణ్ణి పిలిపించి, నా కూతురి కన్నీళ్ళు తీసెయ్ అన్నారు. ఆ మాయదారి మనిషి కన్నీళ్ళు పుట్టే చోట చెయ్యి పెట్టి, ఆశ్చర్యాన్ని పెకలించి బుడ్డిలో పోసుకున్నాడు. ఏడుపు ఆగింది. దాంతో పాటు అన్నీ ఆగిపోయాయి."

"తిరిగి ఇమ్మని అడగలేదా రాజుగారు?"

"అడక్కేం? ఎవరైనా అమ్మాయి చేత 'ఆహా' అనిపిస్తే ఇచ్చేస్తానన్నాడు. అనిపిస్తానని పందెం కట్టి ఓడినవాడు మాత్రం, ఇంకెవరైనా గెలిచేదాకా గాజుబొమ్మగా ఉండాలట. ఇప్పుడా కొలువు చూడలేం నాయనా, అన్నీ బొమ్మలే."

నిజమే. సూర్యమండపంలో అడుగు పెట్టగానే అభ్రకుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. పైకప్పు మధ్యలో పద్మంలా తెరుచుకున్న గవాక్షం నుంచి ఎండ జారుతోంది. ఆ ఎండలో వరసలు వరసలుగా గాజుమనుషులు. పల్టీ కొట్టబోయి గాలిలోనే గాజైపోయిన దొమ్మరి ఒకడు వేలి కొస మీద నిలిచి ఉన్నాడు. వీణ మీద వంగిన ఒకామె, పావురాన్ని వదలబోతున్న ఒక గారడీవాడు, అతడి అరచేతిలో రెక్క విప్పిన గాజుపావురం. ఎండ వాళ్ళలోంచి దూరి అవతలికి వచ్చేసరికి లేత నీలంగా మారిపోయి, నేలంతా చెరువు నీళ్ళలా కదులుతోంది. చూడటానికి ఎంత అందంగా ఉందో, అంత భయంగా ఉంది. ఇంత అందం ఇంత పాపంలోంచి ఎలా పుట్టింది స్వామీ అనుకున్నాడు అభ్రకుడు.

వరస చివర అతడి అన్న. ఎడమ చెయ్యి కాస్త ముందుకు చాచి, ఏదో అడగబోతున్నట్టు నోరు కొంచెం తెరిచి.

అభ్రకుడు కళ్ళు దించుకున్నాడు. ఇప్పుడు ఏడిస్తే వేషం బయటపడుతుంది.

రాకుమారి కువలయ చిన్న పీట మీద కూర్చుని ఉంది. చక్కని ముఖమే. కాని పూసిన రోజే ఎవరో అద్దంలో బిగించిన పువ్వులా ఉంది. అభ్రకుడు గాజులు తొడిగాడు.

"ఎలా ఉన్నాయి తల్లీ?"

"గుండ్రంగా ఉన్నాయి," అంది కువలయ.

వెనక నుంచి పొడి దగ్గులాంటి నవ్వొకటి వినిపించింది. గద్ద ముక్కు, బూడిద రంగు జడలు, మెడలో లేత ఆకుపచ్చ గాజుబుడ్డి. జడభేరుండుడు! అతడి పక్కనే, సొంత కొలువులో చుట్టంలా ముడుచుకుని మణికేతు మహారాజు.

"గాజులవాడా, కండువా తియ్యి. రాకుమారి ముందు మూతి కప్పుకోవడం ఏ ఊరి మర్యాద?"

అభ్రకుడు కదల్లేదు. మాంత్రికుడు వేలు ఆడించాడు. కండువా పాములా జరజరా జారి కింద పడింది. పెదవి మధ్యలో, ఊదుడుగొట్టం ఆనీ ఆనీ కాచిన కాయ బయటపడింది.

"ఓహో! గాజులమ్మేవాడికి పెదవి మీద కాయ కాస్తుందా? కొలిమివాడ పిట్టవి! ఆ చివర నిలబెట్టినవాడికి ఏమవుతావు?"

"తమ్ముణ్ణి," అన్నాడు అభ్రకుడు. ఇక దాచి లాభం లేదు. "పందేనికే వచ్చాను. నేను గెలిస్తే మా అన్నను వదలాలి."

"గెలిచి చూడు ముందు. ఎండ ఆ సింహాసనం మెట్టు దిగేదాకా నీకు గడువు."

అభ్రకుడు బుట్టలో పైనున్న గాజులు తీసి పక్కన పెట్టాడు. అడుగున, మొగ్గలా ముడుచుకున్నది ఒకటుంది. దాన్ని రెండు చేతులా ఎత్తి నేల మీద పెట్టి, కళ్ళు మూసుకుని కొలిమమ్మను తలచుకున్నాడు. 'అమ్మా, వింతలన్నీ నీవే. ఇది నా వింత అనుకుంటే నన్ను క్షమించు.'

చిన్న మర తిప్పాడు.

మొగ్గ కదిలింది. వెండి కీళ్ళ మీద రేకు తర్వాత రేకు విచ్చుకుంది. ఒక్కో రేకు కింద మళ్ళీ మడత, మడత కింద నీటిబుడగల కన్నా పలచని గాజుబుడగల గుత్తులు. ఎండ తగిలి సన్నని నాళాల్లోని పాదరసం వేడెక్కింది. అది పొంగి పళ్ళచక్రాలను నెట్టింది. చక్రాలు తీగలను లాగాయి. చూస్తూండగానే అది మంచం అంతయింది, పల్లకి అంతయింది, తేలింది! ఒక సిద్ధుడు ఉపదేశించిన లఘిమ మంత్రాన్ని, దాన్ని చేసేటప్పుడే అభ్రకుడు ప్రతి బుడగలోకీ తన ఊపిరితో కలిపి ఊదాడు. అందుకే ఆ గాజంతా బరువు మరిచిపోయింది. మండపం మధ్యలో మేఘంలా ఆగి, తెల్లగా, ముత్యంలా, ఆపైన ఉదయపు ఆకాశంలా రంగులు మారింది. దాని కడుపులోని పెద్ద భూతద్దం ఎండను పట్టి చీల్చి చినుకులుగా వదిలింది. ఎర్ర చినుకులు, పసుపు చినుకులు, ఊదా చినుకులు. అవి మనుషుల మీద పడుతున్నాయి, తడపడం లేదు. మేఘంలోంచి పాట వస్తోంది. మాటల్లేని పాట. ప్రతివాళ్ళకూ అది తమ తల్లి పాడిన పాటలాగే ఉంది.

"ఆహా!" అన్నారు మహారాజు, తన దుఃఖం మరిచి. సంపెంగ దాది చేతులు జోడించింది. ద్వారం దగ్గరి భటుడు ఈటె జారవిడిచాడు.

కువలయ తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది.

"బాగానే ఉంది. కాని దుమ్ము పడితే తుడవడం కష్టం."

మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. అభ్రకుడి కాలివేళ్ళకు చల్లగా ఏదో తగిలింది. చూసుకుంటే గోళ్ళు పారదర్శకంగా మారిపోతున్నాయి. చలి మడమలకు పాకుతోంది. సింహాసనం మెట్టు మీద ఎండ అంచు జారుతోంది.

ఆ నవ్వుకు మాంత్రికుడి మెడలోని బుడ్డి ఊగింది. అభ్రకుడి చూపు దాని మీద పడింది. బుడ్డి మెడ మెలి ఎడమవైపుకు తిరిగి ఉంది. ఎడమచేతివాటం పనివాడు చేసింది! అన్న చేతిపని! రాకుమారి ఆశ్చర్యాన్ని దాచే బుడ్డి కోసమే అన్నను పిలిపించారన్నమాట.

అయితే దానికి దేవుడి కంత ఉండి తీరుతుంది.

కొలిమివాడలో ఎవరూ ఏ గాజునూ పూర్తిగా మూయరు. ఆవగింజ కన్నా చిన్నదైనా ఒక కంత వదిలేస్తారు. లోకమంతా నిండిన స్వామికి ఈ బుడ్డిలో చోటు లేదనడానికి మనమెవరం అంటారు పెద్దలు. 'మీ భక్తికి మా అత్తరు ఆవిరైపోతోంది' అని వర్తకులు తిట్టిపోస్తారు. అయినా మానరు. ఇప్పుడు మేఘం పాడుతున్న పాట కూడా బుడగల కంతల్లోంచి వచ్చేదే. మెడ మీద కత్తి పెట్టి చేయించినా, మనసు వద్దన్నా, కంత పెట్టకుండా ఉండటం దర్పణుడి చేతికి రాదు.

అభ్రకుడు కళ్ళు చిట్లించి చూశాడు. బుడ్డి అడుగున కుంకుమ చుక్కలా ఎర్రగా ఒక లక్కబొట్టు. కారుతోందని కనిపెట్టి మాంత్రికుడు లక్కతో పూడ్చాడు.

లక్క వేడికి ఆగుతుందా?

"ఇంకా అయిపోలేదు స్వామీ," అన్నాడు అభ్రకుడు, గాజై బిగిసిపోతున్న కాళ్ళ మీద తూలుతూ. "అసలు వింత ఇప్పుడే. తమరు అలా ఎండలోకి రండి. మేఘం తమకు హారతి పడుతుంది."

"నాకా? హారతా?" పొగడ్త అంటే చెవి కోసుకునే మాంత్రికుడు రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. అభ్రకుడు తీగ లాగాడు. మేఘం కడుపులోని భూతద్దం మెల్లగా తిరిగింది. చెల్లాచెదురైన చినుకులన్నీ ఒక్కచోట చేరి, సూదిమొనంత వెలుగై బుడ్డి అడుగున నిలిచాయి.

"వెచ్చగా హాయిగా ఉందిరా," అన్నాడు జడభేరుండుడు.

"ఇంకాస్త ఉంటుంది స్వామీ."

లక్క కరిగి టప్పున జారింది. మాంత్రికుడు పొట్ట మీద చెయ్యి వేసుకుని ఎర్రటి మరక చూసుకునేలోపు బుడ్డిలోంచి సన్నగా ఆవిరి లేచింది. తొలకరి పడ్డ మట్టి వాసన, పసిపిల్లల నెత్తి వాసన, ఎప్పుడూ వెళ్ళని ఊరి వాసన. అది ముందుగా తగిలింది దగ్గరున్న గద్ద ముక్కుకే!

"ఆహా!" అన్నాడు జడభేరుండుడు.

అతడు పుట్టి బుద్ధెరిగాక అన్న మొదటి 'ఆహా' అది. ఏ మంత్రం అందుకోబోయాడో నోట్లోనే మరిచిపోయాడు. తన బొటనవేలి గీతలు చూసుకుంటూ నిలబడిపోయాడు.

ఆవిరి మిగతాదంతా కువలయ వైపు సాగింది, ఇల్లు తెలిసిన లేగదూడలాగా. ఆమె రెప్పలు అల్లాడాయి. అయితే ఆమె మేఘాన్ని చూడలేదు. ఒళ్ళో ఉన్న తన చెయ్యి చూసింది. వేళ్ళు ముడిచింది, విప్పింది.

"ఆహా! ఇది నా చెయ్యే! నేను అనుకుంటే కదులుతోంది! ఇంత వింత ఎవరు చేశారు?"

"నేను మాత్రం కాదు తల్లీ," అన్నాడు అభ్రకుడు.

మరుక్షణం కువలయ కళ్ళు నిండాయి. "అమ్మ చెయ్యి కూడా ఇలాగే ఉండేది," అని ఏడ్చింది. మహారాజు ఈసారి ఆ ఏడుపును ఆపమని ఎవరినీ అడగలేదు. పక్కన కూర్చుని తానూ ఏడ్చాడు.

అభ్రకుడి పాదాలకు వెచ్చదనం వచ్చింది. మండపమంతా గలగలమంది. గాలిలో ఆగిన దొమ్మరి పల్టీ పూర్తి చేసి నేల మీద వాలాడు. వీణ ఆగిన చోటి నుంచే పలికింది. పావురం గవాక్షంలోంచి ఎగిరిపోయింది. అభ్రకుడు పరుగున వరస చివరికి వెళ్ళాడు.

"అన్నా!"

దర్పణుడు కదల్లేదు. అలాగే గాజుగా, చెయ్యి చాచి.

"వాడు పందెం కాయలేదు కదా," అన్నాడు జడభేరుండుడు వెనక నుంచి. గొంతులో కోపం లేదు. దాహం ఉంది. "బుడ్డి గుట్టు బయట పడకూడదని నా చేత్తో నేనే గాజు చేశాను. లోపల మనిషి ఉన్నాడో, వట్టి ఖాళీయో, నాకే తెలియదు. పోనీలే, ఆ సంగతి వదిలెయ్. అబ్బీ, ఇందాక నా ముక్కుకు తగిలిందే, ఆ రుచి! ఇంకోసారి కావాలి నాకు! సముద్రం మధ్యనున్న నా దీవికి వచ్చి రోజూ నాకు వింతలు చేసి పెట్టు. రాకపోతే మీ అన్నను రాళ్ళ మీద వేసి కొడతాను!"

అంటూనే ఒళ్ళు విరుచుకున్నాడు. జడలు ఈకలయ్యాయి. మెడ రెండుగా చీలి రెండు తలల పక్షి లేచింది. గోళ్ళతో దర్పణుణ్ణి పట్టుకుని, గవాక్షం రాళ్ళు కూలుతుంటే పైకి దూసుకుపోయింది.

అభ్రకుడు ఒక్క ఎగురున మేఘం మీదికి దూకి మర తిప్పాడు. అదే క్షణంలో అతడి వెనక ఇంకెవరో దూకారు. చూస్తే కువలయ!

"దిగండి తల్లీ! ఇది గాజు! పగిలితే ఇద్దరం పోతాం!"

"నా ఆశ్చర్యాన్ని మీ అన్న చేసిన బుడ్డి కాపాడింది. ఆయన్ని అలా వదిలేసి నేనిక్కడ చేతులు చూసుకుంటూ కూర్చోనా? తిప్పు నీ మర!"

"అమ్మాయీ, చలిగాలి! శాలువా అయినా..." అంటున్న దాది మాట కిందే ఉండిపోయింది.

గాజు మేఘం మండపం దాటి, బురుజులు దాటి, ఆకాశంలో పడింది. కింద వైదూర్యపురం ఎవరో ఆరబెట్టిన పట్టుచీరలా పరుచుకుంది. నది జరీ అంచులా మెరిసింది. అసలు మేఘాలు పక్కనే వచ్చి ఈ కొత్త చుట్టాన్ని ముట్టుకుని చూసి పోతున్నాయి. బుడగల్లో గాలి దూరి పాట అదంతట అదే మొదలైంది. "అది ఏమిటి? అదిగో అది?" అని కువలయ అడుగుతూనే ఉంది. అభ్రకుడు మాత్రం ముందున్న రెక్కలను తప్ప మరేమీ చూడటం లేదు. ఆ రెక్కల కింద, ఎండకు ఒక్కోసారి తళుక్కున మెరిసే అన్న.

సముద్రం వచ్చింది. పొద్దు వాలుతోంది. నీళ్ళ మీద బంగారం కరిగించి పోసినట్టుంది. పక్షి దగ్గరపడింది. దాని తలలు రెండూ కీచులాడుకుంటున్న చప్పుడు వినిపించింది.

"అదిగో చూడు, మబ్బు అంచుకు ఎవరు నిప్పు పెట్టారు!" అంటోంది ఒక తల.

"ముందు చూసి ఎగురు, మొద్దూ!" అంటోంది రెండోది.

"ఎప్పుడూ ముందే చూడాలా? పక్కకు చూస్తే నీ సొమ్మేం పోయింది? అయ్యో, అయ్యో, కిందకు చూడు, చేపలు ఎగురుతున్నాయి!"

"చేపలు ఎగరడమేమిట్రా..." అని రెండో తల కూడా వంగి చూసింది.

కింద వెండి చేపల గుంపొకటి అలలోంచి లేచి, రెక్కలు చాచి, ఎండలో మెరిసి మునిగింది.

"ఆహా!" అన్నాయి రెండు తలలూ ఒక్కసారే. ఆ మైమరపులో గోళ్ళు విచ్చుకున్నాయి.

దర్పణుడు జారిపోయాడు.

"తీగ పట్టుకోండి తల్లీ!" అని అరిచి అభ్రకుడు మేఘం అంచు నుంచి తలకిందులుగా దూకాడు. గాలి చెవుల్లో హోరెత్తింది. బంగారు నీళ్ళు పైకి లేచి వస్తున్నాయి. అన్న తనకన్నా ముందు పడుతున్నాడు, చాచిన ఎడమ చెయ్యి తనవైపే ఉంది. అభ్రకుడు ఆ గాజు వేళ్ళను అందుకున్నాడు. గట్టిగా లాగితే విరుగుతాయి. కొలిమిలోంచి తీసిన బుడగను పట్టుకున్నట్టు మెత్తగా, మెల్లగా, పడుతూనే దగ్గరికి తీసుకుని రెండు చేతులా పొదువుకున్నాడు. తన ఒళ్ళు కిందకు, అన్న పైకి వచ్చేలా తిరిగాడు. చెంప ఆ చల్లని గాజు రొమ్ముకు ఆనింది.

లోపల ఎక్కడో, చాలా లోతున, మెల్లగా, ఒక చప్పుడు. ఆగి, మళ్ళీ ఒకటి.

గుండె!

"తల్లీ!" అని పైకి చూసి గొంతు చించుకుని అరిచాడు అభ్రకుడు. "ఉన్నాడు! మా అన్న ఉన్నాడు!"

వాళ్ళిద్దరి కింద సముద్రం తెరుచుకుంది.